ఐదో గుడ్డ ముక్క

“అయితే ఇవాళ మనమంతా అరచేతుల్లో పెట్టుకు తినాలన్నమాట,” అంది అత్తగారు, వంటింటి వెనక గుమ్మంలో నిలబడి. ఆ మాట అనడం ఇది మూడోసారి. మొదటిసారి నవ్వుతూ అంది, రెండోసారి నవ్వకుండా అంది, ఇప్పుడు ప్రహరీ అవతల వాళ్ళకి కూడా వినబడేలా అంది. ఇంట్లో ఉన్న పెద్ద స్టీలు పళ్ళాలు ఆరూ షెడ్డులో పాత తలుపుచెక్క మీద ఉన్నాయి. ఒక్కోదాంట్లో బోల్టులు, నట్టులు, వాషర్లు కడిగి, తుడిచి, ఒకదానికొకటి తగలకుండా వరస తీర్చి ఉన్నాయి.

“కడిగే ఇస్తానుగా అత్తయ్యా,” అంది కోడలు షెడ్డులోంచి.

“నీ కడుగుడు నాకు తెలీదూ? ఆసుపత్రి కడుగుడు. వారం రోజులు అన్నం స్పిరిట్ వాసనేస్తుంది. ఆ ఇనప ముక్కల్ని గిన్నెలో పోసుకుంటే ఏం? అవేమన్నా కొత్తల్లుళ్ళా, విడివిడిగా వడ్డించడానికి?”

“గిన్నెలో పోస్తే ఒకదాని కింద ఒకటి దాక్కుంటాయి. లెక్క తెలీదు.”

“ఒక్క పూట ఊరుకో అమ్మా,” అన్నాడు గొలుసు పట్టుకుని నిలబడ్డ భర్త. “పన్నెండైతే ఎటూ తేలిపోతుంది.”

తేలిపోతుంది. ఆ మాట ఆయన అత్తగారిని సముదాయించడానికే అన్నాడని ఆమెకు తెలుసు. అయినా అది వచ్చి పక్కటెముకల మధ్య ఎక్కడో గుచ్చుకుంది. పదకొండు కావడానికి ఇంకా మూడు నిమిషాలుంది. షెడ్డు ఇనుప దూలానికి వేలాడదీసిన చైన్ పుల్లీ కింద ఇంజిన్ చాలా కొద్దిగా, ఊపిరి తీసుకుంటున్నట్టు అటూ ఇటూ కదులుతోంది. దాని కింద బానెట్ తీసేసిన నీలం కారు నోరు తెరుచుకుని ఉంది. రెండు నెలల కిందట అందులోంచి దీన్ని పైకి లాగినప్పుడు మెకానిక్కు ఉన్నాడు. సిలిండర్లు సాపు చేయించాక బిగించడానికి మాత్రం రానన్నాడు. “ఈ వయసు బండికి కొత్త ప్రాణం పోసి ఏం చేసుకుంటారమ్మా, తుక్కుకి ఇచ్చేయండి,” అన్నాడు. అప్పుడే మరిది కూడా అన్నాడు, తన సోఫాల పనికి కుట్టుమిషన్లు వస్తున్నాయని, షెడ్డు కావాలని. మాట మీద మాట పెరిగి, చివరికి భోజనాల బల్ల దగ్గర అందరి ముందూ ఒప్పందం కుదిరింది. ఈ ఆదివారం పన్నెండు లోపు ఇంజిన్ బండిలో కూర్చుంటే బండి ఉంటుంది, షెడ్డు ఆమెది. కూర్చోకపోతే తుక్కు లారీ వస్తుంది, షెడ్డు మరిదిది. “సరే,” అన్నది ఆమే. ఎవరూ మెడ మీద కత్తి పెట్టలేదు.

“దింపండి, కొద్దిగా,” అంది. గొలుసు కటకటమంది. ఇంజిన్ వేలెడంత దిగి ఆగింది. “ఇంకొంచెం.” ఆమె రెండు చేతులూ దాని పక్కల మీద ఉన్నాయి, చల్లగా, నూనె జిడ్డుగా. అచ్చం బల్ల మీదికి మార్చేటప్పుడు మత్తులో ఉన్న మనిషి బరువు లాగానే ఉందిది, తనంతట తాను సాయపడని బరువు. అలాంటి బరువులు ఆమె ఆపరేషన్ థియేటర్లో నర్సుగా ఇరవై ఏడేళ్ళు మోసింది. తల ఒకరు, నడుము ఇద్దరు, కాళ్ళు ఒకరు, ఒకటి రెండు మూడు. ఈ కారు కూడా ఆ థియేటర్ నుంచి వచ్చిందే. మత్తు డాక్టరు పదవీ విరమణ చేసి వెళ్ళిపోతూ, “నువ్వు దీన్ని బాగా చూసుకుంటావు, సామాను ఎక్కడ తీస్తే అక్కడే పెట్టే మనిషివి,” అని తాళం చేతిలో పెట్టాడు. అప్పటికి ఆమెకు సైకిల్ తొక్కడం కూడా సరిగ్గా రాదు. నేర్చుకుంది. గేటు స్తంభానికి రెండుసార్లు, పాలబండికి ఒకసారి గుద్ది మరీ నేర్చుకుంది. ఇంటికీ ఆసుపత్రికీ మధ్య ఇరవై నిమిషాలు. పొద్దున ఇరవై, సాయంత్రం ఇరవై. ఆ ఇరవై నిమిషాల్లో ఆమె ఎవరికీ కోడలు కాదు, సిస్టరూ కాదు, ఎవరూ పిలవరు, పిలిచినా వినబడదు. ఒక్కోసారి మలుపు దగ్గర ఇంకో చుట్టు ఎక్కువ తిరిగి వచ్చేది. ఆలస్యమేమని అడిగితే రైలు గేటు పడిందనేది. ఆ దారిలో రైలు గేటే లేదని ఇంట్లో ఎవరికీ ఎప్పుడూ తట్టలేదు. మరి తాళం ఎప్పుడు చేతులు మారింది? ఎవరూ లాక్కోలేదు. ఓ రోజు భర్త మోకాలు నొప్పన్నాడు, ఓ రోజు మరిదికి సరుకు తేవాల్సొచ్చింది, ఓ రోజు తాళం ఆమె మేకు నుంచి భర్త చొక్కా తగిలించే మేకుకి మారింది, ఆమె బస్సెక్కింది. బస్సులో కూడా ఇరవై నిమిషాలే, కానీ నిలబడి.

“అమ్మా, ఆగు ఆగు! గేర్‌బాక్స్ మూతి తగులుతోంది!” కారు కిందనుంచి కూతురు అరిచింది. కనిపించేవి దాని కాళ్ళే, ఒక చెప్పు ఉంది, ఇంకోటి లేదు. గేర్‌బాక్స్ కింద జాకీ పెట్టి ఎత్తు సరిచూడటం దాని వంతు. “పైకి ఎత్తనా?” “అర అంగుళం.” “అరంగుళమంటే నా లెక్కలోదా నీ లెక్కలోదా?” “నా లెక్కలోది.” “అయితే చచ్చాం,” అంది కూతురు, జాకీ కిర్రుమంది. ఇంజిన్ వెనక ముఖం గేర్‌బాక్స్ నోటికి ఎదురుగా వచ్చింది. ఆ నోట్లోంచి పొడుచుకొచ్చిన ఇరుసు ఇటు క్లచ్ ప్లేటు నడిబొడ్డులోకి, పళ్ళలో పళ్ళు పడి దూరాలి. చెప్పడానికి ఇంతే. చీపురు కర్రకి టేపు చుట్టి ప్లేటును ఆమే నడిమికి సరిచేసింది. ఇంజిన్ లేకుండానే రోజూ ఈ పనంతా చేతులతో గాల్లో చేసి చూసుకుంది, ఏది ముందు, ఏది వెనక, ఏ పళ్ళెం ఎప్పుడు. అది చూసి అత్తగారు, దీనికేదో సోకిందని మరిదితో అంది కూడా.

దూరింది. సగం దూరింది. ముప్పావు. వేలెడు సందు మిగిలి ఆగిపోయింది. తోస్తే రాదు, ఊపితే రాదు, భుజం ఆనించి నెడితే కారే కదిలింది తప్ప ఇంజిన్ కదల్లేదు. పదకొండూ పది. భర్త గొలుసు వదిలి వచ్చి సందులోకి తొంగిచూసి, పళ్ళెంలోంచి పొడుగు బోల్టు ఒకటి అందుకున్నాడు. “వేలెడేగా. నాలుగు వైపులా బోల్టులెక్కించి బిగించుకుంటూ పోతే అదే దగ్గరకొస్తుంది.” “రాదు. చెవులు విరుగుతాయి.” “ఎవరి చెవులు?” “గేర్‌బాక్స్‌వి. మీవి కూడా.” బోల్టు ఆయన చేతిలోంచి తీసుకుని ఎక్కడిదక్కడ పెట్టింది. తొందరపడ్డ చేతుల్ని ఆమె చాలా చూసింది. ముడిపడని చోట లాగే చేతులు, కనబడని చోట నొక్కే చేతులు. రానిది రాకపోవడానికి కారణం ఉంటుంది, అది చెప్పేదాకా ఆగాలి. “వెనక్కి తీద్దాం,” అంది. వెనక్కి తీశారు. ఇరుసు తుడిచింది, ప్లేటు నడిమిని వేలితో తడిమింది, పళ్ళకి గ్రీజు పూసింది, ఎవరో నీళ్ళు తెచ్చారు, తాగిందో లేదో, మళ్ళీ ముందుకి. మళ్ళీ వేలెడు. ఈసారి ఇంజిన్ ముందువైపు చక్రానికి పానా తగిలించి, నిద్రపోతున్న పిల్ల తల పక్కకి తిప్పినంత మెల్లగా తిప్పింది. ఏమీ లేదు. ఇంకా మెల్లగా. లోపలెక్కడో పన్ను పన్నును వెతుక్కుంటున్నట్టు చిన్న సందడి చేతికి తెలిసింది. భర్త తుంటితో ఇంజిన్ను ఆనుకున్నాడు. ఠక్ మనలేదు, పెద్ద చప్పుడేమీ కాలేదు, ఒక పెద్దమనిషి కుర్చీలో వెనక్కి వాలినట్టు నిమ్మళంగా ఆ వేలెడు సందూ మూసుకుపోయింది.

కూతురు కింద పడుకునే ఈల వేసింది. ఆడపిల్ల ఈల వేయడమేమిటని అత్తగారు అనబోయి, ఏమనుకుందో, తనూ గుమ్మం దిగి రెండడుగులు వచ్చింది. కోడలు పానా అందుకుంది. తర్వాతదంతా చేతులే చేసుకుపోయాయి. గేర్‌బాక్స్ బోల్టులు ఆరు, ఎదురెదురుగా ఒకటి తర్వాత ఒకటి. ఇంజిన్ కూర్చునే రబ్బరు దిమ్మల బోల్టులు అటు రెండు, ఇటు రెండు. పదకొండున్నర దాటి ఐదు నిమిషాలు. భర్త గడియారం వైపు, ఆమె వైపు మార్చి మార్చి చూసి, “గెలిచావోయ్,” అన్నాడు. ఆ అనడంలో నిజంగా సంతోషముంది. పెళ్ళయిన కొత్తలో ఆమె జీతం మొదటిసారి తెచ్చిన రోజు కూడా ఇంతే సంతోషంగా, ఇంతే ఆశ్చర్యంగా చూశాడు.

ఇంక లెక్క. పళ్ళాలు ఒకటొకటే దగ్గరికి లాక్కుని, నోట్లోనే అనుకుంటూ చూసింది. బోల్టుల పళ్ళెం ఖాళీ. వాషర్ల పళ్ళెం ఖాళీ, సరే. పానాలు పదకొండు, సరే. గుడ్డ ముక్కలు. దుమ్ము లోపలికి పోకుండా, ఏదీ జారి పడకుండా, బయటికి తెరుచుకున్న ప్రతి కన్నంలోనూ పాత దుప్పటి ముక్కలు కుక్కి పెట్టింది, గాలి వెళ్ళే దారులకి రెండు, పొగ దారికి ఒకటి, నూనె పోసే చోట ఒకటి, గేర్‌బాక్స్ నోట్లో ఒకటి. కుక్కిన రోజే షెడ్డు గోడ మీద సుద్దముక్కతో ఐదు గీతలు గీసింది. ఇప్పుడు చివరి పళ్ళెంలో ఉన్నవి నాలుగు. మళ్ళీ లెక్కపెట్టింది. నాలుగు. విదిలించి, ఒకదానికొకటి అంటుకున్నాయేమోనని చూసి, పరిచింది. నాలుగు.

“ఎవరైనా తెల్ల గుడ్డముక్క తీశారా?”

“ఏ గుడ్డ?” అంది అత్తగారు. “నీ గుడ్డలు నేనెందుకు ముడతాను? ముట్టుకుంటే మళ్ళీ చేతులు కడుక్కోమంటావు.” కూతురు కిందంతా వెతికింది, దానికి పోయిన చెప్పు దొరికింది. భర్త జేబులు తిరగేశాడు, చెత్తబుట్ట బోర్లించాడు. అందరూ వంగి, ఒకరి వెనకాల ఒకరు కోడిపిల్లల్లా షెడ్డంతా తిరిగారు. ఎక్కడా లేదు. క్లచ్ మీట దూరే చిన్న కిటికీలోంచి కూతురు ఫోను వెలుగు వేసింది. లోపల బూడిదరంగు ఇనుము, దాని నీడ, ఆ నీడలో తెల్లగా ఏదో. వెలుగు కదిలిస్తే అదీ కదిలింది. గుడ్డో, వెలుగో. ఆసుపత్రిలో పారేస్తుంటే తెచ్చుకున్న పొడుగు పట్టకారు దూర్చి ఆమె తడిమింది, ఇనుమే తగిలింది.

తీసిందా, తియ్యలేదా? గేర్‌బాక్స్ నోట్లోంచి గుడ్డ లాగడం కళ్ళకి కట్టినట్టు గుర్తుంది. కొస పట్టుకుని లాగితే కొంచెం పట్టేసి, చివర్లో ఊడి వచ్చింది. కానీ అది ఇవాళ లాగిందా, నిన్న గాల్లో చేసిన పనిలో లాగిందా, మొన్నా? రోజూ చేసిన పని రోజులన్నిట్నీ కలిపి ఒక్కటి చేసేస్తుంది. ఇవాళ పొద్దున తీసిందే అనుకుంటే, ఇంజిన్ వెనక్కి లాగినప్పుడు ఇరుసు తుడిచింది దేంతో? ఎడమ చేతిలో ఏదో ఉంది. గ్రీజు డబ్బా కోసం ఆ చేతిలోది ఎక్కడో పెట్టింది. ఎక్కడ? అప్పుడు భర్త ఏదో అన్నాడు, నీళ్ళ గ్లాసు వచ్చింది, గ్లాసు పట్టుకుంది. గ్లాసు పట్టుకుందంటే చెయ్యి ఖాళీ అయిందన్నమాట. చెయ్యి గుర్తుపెట్టుకున్నది బుర్ర ఒప్పుకోదు, బుర్ర చెప్పేది చెయ్యి నమ్మదు. అందుకే లెక్క. గుర్తుందా లేదా అని థియేటర్లో ఎవరూ అడగరు. లెక్క సరిపోయిందా అనే అడుగుతారు. పెద్ద డాక్టరు ఒకసారి కడుపు తెరిచి, పని ముగించి, సూది చేతిలోకి తీసుకుని, “కౌంట్?” అన్నాడు. “ఒక గుడ్డ తక్కువ, డాక్టర్.” “మళ్ళీ చూడు.” “చూశాను. తక్కువే.” ఆయన కాలు నేలకేసి కొట్టాడు, అవతల ఇంకో కేసుందన్నాడు, కోడిగుడ్డు మీద ఈకలు పీకుతున్నావన్నాడు. ఆమె బల్ల పక్కన చేతులు కట్టుకుని నిలబడింది. అప్పటికి ఉద్యోగంలో చేరి నాలుగేళ్ళు. పదకొండు నిమిషాలు కడుపు తెరిచే ఉంచి వెతికారు. చివరికి గుడ్డ ఆయన బూటు అడుగునే అతుక్కుని ఉంది. అందరూ నవ్వేశారు, ఆమె తప్ప. ఆ తర్వాత పదవీ విరమణ దాకా ఆయన, “లెక్కలక్కా, కుట్టమంటావా, కూర్చోమంటావా?” అని అడిగాకే సూది పట్టేవాడు. లోపల ఏమీ లేదని తేలాక కూడా, ఆ పదకొండు నిమిషాలు దండగని ఆమెకు ఒక్కనాడూ అనిపించలేదు.

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు. ఆమె రచ్చ గెలిచింది. పై ఊళ్ళో ఏడాది నర్సింగ్ చదువుకి తన పేరు వచ్చినప్పుడు అత్తగారు కాలు విరగ్గొట్టుకుంది. వచ్చే ఏడు వెళ్ళొచ్చులే అన్నారు, సరే అంది, కుట్టేసింది. ఎండ పడే గది మరిది సామానుకి ఇమ్మన్నారు, సరే. తాళం మేకు మారింది, సరే. ఏదీ పెద్దది కాదు. ఒక్కోటీ అరచేతిలో మడిచి పట్టేంత గుడ్డముక్క. ఎవరూ లోపల వదిలెయ్యమనలేదు కూడా. మూసెయ్యమని తొందరపెట్టారు, అంతే. తర్వాత తీద్దాం, తర్వాత చూద్దాం. లోపలున్నది కనబడదు, కానీ వాన పట్టిన రోజుల్లోలా అప్పుడప్పుడూ సలుపుతుంది, దేనికని అడిగితే చెప్పడానికి చోటు చూపించలేం.

భర్త దగ్గరకొచ్చి, గొంతు తగ్గించి, “ఒక పని చెయ్యి,” అన్నాడు. “ఇప్పుడేం అనకు. ఇంజిన్ కూర్చుంది, అందరూ చూశారు. లారీవాణ్ణి వెళ్ళిపోనీ. సాయంత్రం నువ్వూ నేనూ తలుపు మూసుకుని మెల్లగా విప్పుకుందాం. ఎవరికి తెలుస్తుంది?”

ఎవరికీ తెలీదు. ఆయన తనకోసమే చెబుతున్నాడు, ముప్పై ఏళ్ళలో మొదటిసారి తమ్ముడి వైపు కాకుండా ఆమె వైపు నిలబడి మోసం చెయ్యడానికి సిద్ధపడ్డాడు. దానికి కళ్ళు చెమర్చాలి, చెమర్చాయి కూడా. ఎంత తేలిక. పదకొండు నలభై ఐదు. నోరు మూసుకుని పదిహేను నిమిషాలు నిలబడితే చాలు. సాయంత్రం చుట్టాలు రావచ్చు, రేపు మిషన్లు దిగాక షెడ్డులో ఓ మూల అడుగుతాడు మరిది, మూలే కదా. ఎల్లుండి దూలం మీద గొలుసు అడ్డమంటారు. వారం పోతే తనకే అనిపిస్తుంది, లోపలేమీ లేదేమో, బూటు అడుగున పోయిందేమో అని. తనకు తాను తెలుసు. ఈ ఇంట్లో తను మూసినవేవీ తర్వాత తెరుచుకోలేదు. తెరిస్తే ఇప్పుడే తెరవాలి, ఇదింకా వేడెక్కకముందు, అందరూ ఇక్కడుండగా. మరి ఒప్పందం? నిజం చెబితే పన్నెండయ్యేసరికి ఇంజిన్ మళ్ళీ గొలుసుకి వేలాడుతుంటుంది, మాట ప్రకారం బండి పోతుంది. అబద్ధం చెబితే బండి ఉంటుంది. మాట నిలబెట్టుకోవాలంటే బండి ఇవ్వాలి, బండి ఉంచుకోవాలంటే అబద్ధమాడాలి. ఇలా రెండే దారులున్నట్టు ఎవరు చెప్పారు? ఆ బల్ల దగ్గర సరే అన్నది తనే. సరే అన్న నోటితో కాదని అనకూడదని ఎక్కడ రాసుంది? తప్పితే ఒకసారి మాట తప్పిన మనిషవుతుంది. అవనీ. అందరి ముందూ, పగటిపూట, మొహం చూపించి తప్పుతుంది.

మరిది గేటు దగ్గర్నుంచి ఫోను చెవికి ఆనించుకునే వచ్చాడు. ఇంజిన్ చూసి ఆగాడు. చుట్టూ తిరిగి చూశాడు, బోల్టు ఒకదాన్ని వేలితో నొక్కి చూశాడు, నిజాయితీగానే తల ఊపాడు. “కూర్చోబెట్టేశావే వదినా! లారీవాడు మలుపు దాకా వచ్చాడట. ఏమనమంటావు, పొమ్మననా?” భర్త ఆమె వైపు చూడకుండా గొలుసు వైపు చూశాడు. అత్తగారు పమిట చెంగుతో మెడ తుడుచుకుంటోంది. కూతురు కారు కిందనుంచి పాకి వచ్చి, మోచేతులు దులుపుకుంటూ లేచింది.

ఆమె చేతులు తుడుచుకుంది. గొంతు పెంచలేదు. థియేటర్లో ఆమె ఎప్పుడూ గొంతు పెంచలేదు, అవసరం పడలేదు. ఆ గొంతు ఈ ఇంట్లో ఇంతకుముందు ఎవరూ వినలేదు.

“పొమ్మను,” అంది. “కానీ నేను గెలిచానని చెప్పకు. ఒక గుడ్డముక్క లెక్క తేలలేదు, లోపలుందేమో. ఉందో లేదో తెలియకుండా నేను మూయను. ఇంజిన్ మళ్ళీ పైకి తీస్తున్నాను. ఇవాళ అవకపోతే రేపు, రేపు కాకపోతే వచ్చే వారం. పన్నెండు గంటలన్న మాట ఇచ్చింది నేనే, తప్పుతున్నదీ నేనే, నన్నేమన్నా అనుకోండి, పడతాను. నీ మిషన్లు ముందు గదిలో దింపించుకో. అత్తయ్యా, భోజనాలు మీరు కానివ్వండి, నాకోసం చూడొద్దు. షెడ్డు ఖాళీ చెయ్యను. బండి ఎక్కడికీ పోదు.”